చ్‌రూట్ మొరాయించినప్పుడు: ఏ పనికి ఏ దారి మేలు?

లినక్స్ యంత్రం బూట్ కావడం లేదు. నేరుగా లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి, పాత డిస్కును /ఎంఎన్‌టీ (/mnt) అనే డైరెక్టరీ మీద మౌంట్ చేసి (అంటే అక్కడ కనిపించేలా తగిలించి), ఆ డిస్కులోని వ్యవస్థ లోపలికి వెళ్లడానికి చ్‌రూట్ (chroot) కమాండ్ ఇచ్చారు. లోపలికి తీసుకెళ్లాల్సింది పోయి అది ఒక పొట్టి సందేశం చూపించి ఆగిపోయింది. చాలామంది అక్కడే పనిముట్టు మార్చేస్తారు. ఒకరు దాని సులువైన రూపం ఆర్చ్‌-చ్‌రూట్ పెట్టుకోమంటారు, ఇంకొకరు కంటైనర్లు నడిపే ఎన్‌స్పాన్ వాడమంటారు, మరొకరు అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారు. ఇవన్నీ ఏదో ఒక సందర్భంలో సరైన సలహాలే. కానీ వాటిలో ఒకదాన్ని ఎంచుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఆ సందేశం దేని గురించి చెబుతోంది, లోపలికి వెళ్లి మీరు చేయదలచిన పని ఏమిటి. మొదటిది అడ్డంకిని చూపిస్తుంది, దారిని నిర్ణయించేది మాత్రం రెండోదే.

చ్‌రూట్ చేసే పని చాలా చిన్నది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్ నుంచి దాని పని మారలేదు: ఒక ప్రాసెస్‌కు, దాని పిల్లలకు, ఫైళ్ల వృక్షం మొదలు ఎక్కడో మార్చి చెప్పడం. అంతే. కెర్నల్ (వ్యవస్థ గుండెకాయ) రెస్క్యూ వ్యవస్థదే, అంటే పెన్‌డ్రైవ్‌లోదే, నెట్‌వర్క్ దానిదే, డిస్కులను గుర్తించేది అదే. లోపల ప్రాంప్టు చూసి మన పాత యంత్రంలోకి వచ్చేశామనుకోకూడదు. కింద వచ్చే చిక్కుల్లో సగానికి మూలం ఇక్కడే ఉంది.

అసలు లోపలికి వెళ్లాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకోమని గట్టిగా చెబుతాను. బూట్ ఆగిపోయిన సందర్భాల్లో చాలావాటికి చ్‌రూట్ అవసరమే లేదు. ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో తప్పు యూయూఐడీ (డిస్కు భాగపు గుర్తింపు సంఖ్య) పడి యంత్రం ఎమర్జెన్సీ మోడ్‌లో నిలిచిపోతే, బయటి నుంచే /ఎంఎన్‌టీ/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిచి ఆ వరుస సరిచేస్తే చాలు. లాగ్ ఫైళ్లతో డిస్కు నిండిపోతే బయటి నుంచే తీసేయవచ్చు. ఏదో ఒక సర్వీసు బూట్‌ను అడ్డుకుంటుంటే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌కు రూట్ ఆప్షన్‌గా /ఎంఎన్‌టీ ఇచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే దాన్ని డిసేబుల్ చేయవచ్చు. జాగ్రత్త ఒక్కటే: మీరు మారుస్తున్నది /ఎంఎన్‌టీ కింద ఉన్న ఫైలు అయి ఉండాలి. లైవ్ వ్యవస్థకు కూడా /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఉంటుంది, దాన్ని ఎంత దిద్దినా ఫలితం ఉండదు.

రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయిన సందర్భంలో పెన్‌డ్రైవ్ కూడా అక్కరలేదు. బూట్‌ను మొదలుపెట్టే గ్రబ్ మెనూలో ఈ (e) కీ నొక్కి, కెర్నల్ వరుస చివర ఇనిట్ విలువగా /బిన్/బ్యాష్ రాస్తే నేరుగా షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) వస్తుంది. రూట్ ఫైల్ సిస్టమ్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. రెడ్‌హ్యాట్, ఫెడోరా కుటుంబంలో ఆర్‌డీ.బ్రేక్ అనే మాట చేరిస్తే పాత వ్యవస్థ /సిస్‌రూట్ కింద కనిపిస్తుంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, గ్రబ్‌కే పాస్‌వర్డ్ పెట్టి ఉన్నా ఇవి అంత సులువుగా సాగవు. మిగిలిన చోట్ల ఇదే దగ్గరి దారి.

చ్‌రూట్ నిజంగా కావాల్సిన పనులు కొన్నే: గ్రబ్‌ను మళ్లీ ఎక్కించడం, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్ వాడే చిన్న ఫైళ్ల కట్ట) కొత్తగా తయారు చేయడం, మధ్యలో ఆగిపోయిన ప్యాకేజీ అప్‌డేట్‌ను పూర్తి చేయడం, కెర్నల్ ప్యాకేజీ మార్చడం. మీ పని వీటిలో ఒకటైతే ముందుకు చదవండి.

సందేశం ఏమంటోంది?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అనే సందేశం. ఫలానా షెల్‌ను నడపలేకపోయానని చెప్పి, ఆ ఫైలు లేదంటుంది. దాని వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి.

ముందుగా సందేశంలో ఏ షెల్ పేరు ఉందో చూడండి. చ్‌రూట్‌కు ఏ కమాండూ ఇవ్వకపోతే, మీరు ప్రస్తుతం వాడుతున్న షెల్‌నే లోపల కూడా వెతుకుతుంది. ఆర్చ్ లైవ్ ఐఎస్ఓలోనూ, గ్రమ్‌ల్ అనే రెస్క్యూ వ్యవస్థలోనూ ఆ షెల్ జీషెల్ (zsh). మీ ఉబుంటులోనో డెబియన్‌లోనో జీషెల్ ఎక్కించి ఉండకపోతే, డిస్కు ఆరోగ్యంగా ఉన్నా ఈ సందేశమే వస్తుంది. కమాండ్ చివర /బిన్/బ్యాష్ అని చేర్చండి. దీనికే తలుపు తెరుచుకుంటే వేరే పనిముట్టు గురించి ఆలోచించనక్కరలేదు.

బ్యాష్ పేరు చెప్పినా అదే మాట వస్తే, /ఎంఎన్‌టీలో ఏమున్నాయో ఎల్ఎస్‌తో ఒకసారి చూడండి. తెర మీద కనిపించే నాలుగైదు పేర్లే చాలా సంగతులు చెబుతాయి. గ్రబ్ అనే డైరెక్టరీ, విఎంలినజ్‌తో మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తే మీరు మౌంట్ చేసింది రూట్ పార్టిషన్ కాదు, బూట్ పార్టిషన్. ఈఎఫ్ఐ అనే ఒక్క డైరెక్టరీయే ఉంటే అది యంత్రం ఫర్మ్‌వేర్ చదివే ఈఎఫ్ఐ పార్టిషన్. @, @హోమ్ అని రెండు పేర్లు కనిపిస్తే అది బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్. మీరు పై అంతస్తులో ఉన్నారు, అసలు వ్యవస్థ @ అనే సబ్‌వాల్యూమ్‌లో (లోపలి విభాగంలో) ఉంది. మౌంట్ చేసేటప్పుడే సబ్‌వాల్యూమ్ పేరు ఇవ్వాలి. ఉబుంటులో అది @, ఫెడోరాలో రూట్. ఓపెన్‌సూసెలో అయితే వ్యవస్థ స్నాప్‌షాట్ల కింద ఇంకా లోతుగా ఉంటుంది, పేరు చెప్పకుండా మౌంట్ చేస్తే డిఫాల్ట్‌గా పెట్టిన స్నాప్‌షాటే వస్తుంది కాబట్టి అక్కడ దాన్ని కదపకపోవడమే మంచిది.

బిన్ అనే పేరు ఉండి, అది యూఎస్ఆర్/బిన్‌కు లింకు అయి, ఆ యూఎస్ఆర్ ఖాళీగా ఉంటే యూఎస్ఆర్ వేరే పార్టిషన్‌లో ఉందని అర్థం. దాన్నీ మౌంట్ చేయాలి.

ఇక మిగిలింది అందరినీ తికమక పెట్టేది. బ్యాష్ ఫైలు కళ్లెదుటే ఉంటుంది, అయినా లేదనే అంటుంది. లేనిది బ్యాష్ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించే లోడరు. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో దాని చోటు /లిబ్64 కింద. ఆ లింకు పోయినా, దాదాపు అన్ని ప్రోగ్రాములకూ ఆధారమైన జీలిబ్‌సీ లైబ్రరీ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా కెర్నల్ ఇదే సందేశం ఇస్తుంది. ఈ స్థితిలో చ్‌రూట్, ఆర్చ్‌-చ్‌రూట్, ఎన్‌స్పాన్ మూడూ ఒకేలా విఫలమవుతాయి, ఎందుకంటే మూడింటికీ లోపల నడిచే షెల్ ఒకటి కావాలి. అందుకే ఇక్కడ పనిముట్టు మార్చి లాభం లేదు. లోపలికి వెళ్లకుండా బయటి నుంచే ప్యాకేజీ ఎక్కించాలి. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్‌కు రూట్ ఆప్షన్ ఇచ్చి, ఫెడోరాలో డీఎన్ఎఫ్‌కు ఇన్‌స్టాల్‌రూట్ ఆప్షన్ ఇచ్చి జీలిబ్‌సీని మళ్లీ వేయవచ్చు. డెబియన్, ఉబుంటులలో కొంచెం చిక్కు ఉంది: ప్యాకేజీలో ఉండే స్క్రిప్టులు ఆ చెడిన వ్యవస్థలోనే నడవాలి. కాబట్టి సరిగ్గా అదే వెర్షన్ లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లోడరు, లిబ్‌సీ ఫైళ్లను ముందు నకలు చేసి, బ్యాష్ లేచి నిలబడ్డాక లోపలికి వెళ్లి లిబ్‌సీ6 (అక్కడ జీలిబ్‌సీ పేరు) ప్యాకేజీని పద్ధతిగా మళ్లీ ఎక్కించండి. వెర్షన్ దగ్గర్లో ఉంటే చాలనుకోవద్దు.

మిగతా సందేశాలు ఇంత మెలిక పెట్టవు. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంటే ప్రాసెసర్ రకం కుదరలేదు: 32 బిట్ లైవ్ వ్యవస్థ నుంచి 64 బిట్ డిస్కులోకి వెళ్లబోయారు, లేదా రాస్ప్‌బెర్రీ పై కార్డును మామూలు ల్యాప్‌టాప్‌లో పెట్టారు. మొదటిదానికి 64 బిట్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. రెండోదానికి మరో రకం ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఈఎంయూ యూజర్ స్టాటిక్ ప్యాకేజీతో దారి ఉంది, కానీ చేతిలో మరో రాస్ప్‌బెర్రీ పై ఉంటే కార్డును అందులో చూసుకోవడమే హాయి. "పర్మిషన్ డినైడ్" వస్తే ప్రోగ్రాములు నడవనివ్వని నోఎగ్జెక్ ఆప్షన్‌తో మౌంట్ అయిందేమో చూడండి. "కెర్నల్ టూ ఓల్డ్" అంటే పాతబడిన రెస్క్యూ ఇమేజ్ వాడుతున్నారు.

"ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్" వస్తే మాత్రం దయచేసి అక్కడే ఆగండి. అది డిస్కు చచ్చిపోతోందన్న సూచన కావచ్చు. డీమెసేజ్ చూడండి, స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు స్థితి చూడండి. ఆ డిస్కు మీద గ్రబ్ ఎక్కించడం, ఫైల్ సిస్టమ్ మరమ్మతు చేయడం వంటి పనులేవీ మొదలుపెట్టకండి. డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును మరో డిస్కులోకి నకలు తీసి, తర్వాతి పనంతా ఆ నకలు మీదే చేయండి. మనుషుల ఫొటోలు, లెక్కలు, పరిశోధన పనులు ఇలాంటి తొందరలోనే పోతాయి.

ఏ దారి ఎవరికి?

చేత్తో చేసే పద్ధతి అన్ని చోట్లా పనికొస్తుంది, ఏ రెస్క్యూ ఇమేజ్‌లోనైనా అందుబాటులో ఉంటుంది. రూట్, తర్వాత బూట్, తర్వాత ఈఎఫ్ఐ పార్టిషన్ మౌంట్ చేసి, ఆపైన నడుస్తున్న రెస్క్యూ వ్యవస్థలోని /డెవ్, /ప్రోక్, /సిస్, /రన్‌లను ఆర్‌బైండ్ ఆప్షన్‌తో (వాటి లోపలి మౌంట్లతో సహా) లోపలికి కలపాలి. ఉత్త బైండ్ వాడితే /సిస్ లోపలి ఈఎఫ్ఐవార్స్ (ఫర్మ్‌వేర్ బూట్ అమరికలు), /డెవ్ లోపలి పీటీఎస్ (టెర్మినళ్లు) రావు. /డెవ్ మరిచిపోతే గ్రబ్ తాను ఏ డిస్కు మీద ఉందో కనుక్కోలేక ఆగిపోతుంది. /రన్ మరిచిపోతే ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా విభజించే వ్యవస్థ) పనిముట్లు యూడెవ్ (పరికరాలను గుర్తించే సర్వీసు) సమాచారం దొరక్క వరుసగా హెచ్చరికలు ఇస్తాయి. ఆర్‌బైండ్ చేసిన ప్రతిదానికీ మేక్-ఆర్‌స్లేవ్ కూడా చెప్పాలి, లేకపోతే చివర్లో అన్‌మౌంట్ చేసేటప్పుడు రెస్క్యూ వ్యవస్థ సొంత /డెవ్ కూడా ఊడిపోతుంది.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం మరొకటి. బూట్ పార్టిషన్ వేరుగా ఉన్న యంత్రంలో దాన్ని మౌంట్ చేయడం మరిచిపోయి లోపలికి వెళ్లారనుకోండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారవుతుంది, గ్రబ్ కాన్ఫిగరేషన్ రాసినట్టు కనిపిస్తుంది, ఒక్క తప్పు సందేశం కూడా రాదు. అవన్నీ రూట్ పార్టిషన్‌లోని ఖాళీ /బూట్ డైరెక్టరీలో పడ్డాయి, అసలు బూట్ పార్టిషన్‌ను ఎవరూ తాకలేదు. రీబూట్ చేస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చ్‌రూట్ విఫలమై సందేశం ఇస్తే మేలే, ఇలా మౌనంగా తప్పు చోట రాస్తే గంటలు వృథా. అందుకే లోపలికి వెళ్లగానే ఎఫ్ఎస్‌ట్యాబ్ చదివి, అది సరిగ్గా ఉంటే మౌంట్ -ఏ కమాండ్ ఇచ్చి, ఫైండ్‌మౌంట్‌తో ఒకసారి సరిచూసుకునే అలవాటు చేసుకోండి.

ఆర్చ్‌-చ్‌రూట్ ఈ మౌంట్ల బాధ తీసేస్తుంది. పేరు చూసి ఆర్చ్‌కే అనుకోనక్కరలేదు. ఆర్చ్-ఇన్‌స్టాల్-స్క్రిప్ట్స్ ప్యాకేజీ డెబియన్, ఉబుంటు, ఫెడోరాలలోనూ దొరుకుతుంది, సిస్టమ్‌రెస్క్యూ ఆరో వెర్షన్ నుంచి ఆర్చ్ పునాది మీదే ఉంది. ఈఎఫ్ఐవార్స్ అదే కలుపుతుంది, బయటికి రాగానే తాను పెట్టిన మౌంట్లు తీసేస్తుంది, /ఎంఎన్‌టీ మౌంట్ పాయింట్ కాకపోతే హెచ్చరిస్తుంది. పేర్లు కనుక్కునే డీఎన్ఎస్ సమస్యను కూడా చూసుకుంటుంది. ఉబుంటులో డీఎన్ఎస్ అమరిక ఉండే రిజాల్వ్.కాన్ఫ్ నిజమైన ఫైలు కాదు, /రన్ కింద ఉన్న మరో ఫైలుకు లింకు. చేత్తో చ్‌రూట్ చేసినవాళ్లు "నెట్ ఉంది, ఆప్ట్ మాత్రం పనిచేయడం లేదు" అని తల పట్టుకునేది ఇందుకే. రెస్క్యూ పనులు తరచూ చేసేవారికి నేను సూచించేది ఆర్చ్‌-చ్‌రూట్‌నే. అయితే రూట్, బూట్, ఈఎఫ్ఐ పార్టిషన్లను అది మౌంట్ చేయదు, ఆ బాధ్యత మీదే. ఆర్చ్ పెన్‌డ్రైవ్ నుంచి డెబియన్‌లోకి వెళ్తే అప్‌డేట్-గ్రబ్ కమాండ్ దొరకడం లేదని కూడా అనవచ్చు. ఆ కమాండ్ ఉండే ఎస్‌బిన్ డైరెక్టరీ ఆర్చ్‌లో విడిగా లేదు కాబట్టి కమాండ్లను వెతికే చోట్లు చెప్పే పాత్ వేరియబుల్‌లో ఆ చోటు ఉండదు. బ్యాష్‌ను లాగిన్ షెల్‌గా తెరిస్తే సరిపోతుంది.

సిస్టమ్‌డీ-ఎన్‌స్పాన్ మరో జాతి. అది పాత వ్యవస్థను కంటైనర్‌లా (వేరు చేసిన చిన్న యంత్రంలా) నడుపుతుంది, సర్వీసులతో సహా బూట్ కూడా చేస్తుంది. ప్యాకేజీలు సరిచేశాక డేటాబేసు లేస్తుందో లేదో చూడాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. చ్‌రూట్‌లో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ పనిచేస్తుంది కానీ స్టార్ట్ పనిచేయదు, ఎన్‌స్పాన్‌లో ఆ లోటు ఉండదు. దాని /డెవ్ మాత్రం పరిమితమైనది, అసలు డిస్కులు లోపల కనిపించవు. కాబట్టి గ్రబ్ ఎక్కించడానికి దీన్ని వాడకండి.

కొత్తవారికి, ఏడాదికోసారి ఇలాంటి ఇబ్బంది పడేవారికి నేను చెప్పేది వేరు: మీ డిస్ట్రో (మీరు వాడే లినక్స్ రకం) ఇన్‌స్టాలర్‌లోనే ఉన్న రెస్క్యూ మోడ్ వాడండి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద అది ఉంటుంది. రూట్ పార్టిషన్ ఏదో అడుగుతుంది, ఎన్‌క్రిప్షన్ ఉంటే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, గ్రబ్ మళ్లీ ఎక్కించమంటే మెనూ నుంచే ఎక్కిస్తుంది. రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ రెస్క్యూ మోడ్ పాత వ్యవస్థను తానే వెతికి మౌంట్ చేసి పెడుతుంది, చోటు పేరు తెర మీదే చెబుతుంది. ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓలో అలాంటి మెనూ లేదు, లైవ్ సెషన్ నుంచి చేత్తో చేసుకోవాలి. ఉబుంటు కోసం విడిగా బూట్-రిపేర్ అనే పనిముట్టు ఉంది, ఒకే డిస్కు, మామూలు పార్టిషన్లు ఉన్న యంత్రానికి ఫరవాలేదు. ఎల్‌వీఎం, ఎన్‌క్రిప్షన్, రెండు డిస్కులు కలిసిన చోట మాత్రం అది ఏమి మారుస్తోందో తెలియకుండా నొక్కవద్దు.

క్లౌడ్ యంత్రానికి పెన్‌డ్రైవ్ పెట్టలేరు. అమెజాన్ ఈసీ2లో ఆ ఇన్‌స్టెన్స్‌ను (క్లౌడ్ యంత్రాన్ని) ఆపి, రూట్ వాల్యూమ్‌ను విడదీసి, మరో ఇన్‌స్టెన్స్‌కు రెండో డిస్కుగా తగిలిస్తారు. రెండూ ఒకే ఇమేజ్ నుంచి పుట్టినవైతే వాటి ఫైల్ సిస్టమ్ యూయూఐడీలు కూడా ఒకటే అవుతాయి, ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనంటుంది. నోయూయూఐడీ ఆప్షన్ ఇస్తే చేస్తుంది. ఈ చిక్కు లేకుండా ఉండాలంటే సహాయక ఇన్‌స్టెన్స్‌ను వేరే ఇమేజ్ నుంచి తీసుకోండి. చ్‌రూట్‌లో గ్రబ్ కాన్ఫిగరేషన్ తయారు చేసే పని ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఏ దారిలోనైనా తప్పని మూడు చిక్కులు

పెన్‌డ్రైవ్ ఏ పద్ధతిలో బూట్ అయిందన్నది మొదటిది. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) యంత్రంలో పెన్‌డ్రైవ్ పాత బయోస్ పద్ధతిలో లేస్తే, గ్రబ్ "ఈఎఫ్ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అంటుంది. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే డైరెక్టరీ ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. అది లేకపోతే మరే పనిముట్టూ దాన్ని పుట్టించలేదు. రీబూట్ చేసి, బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంటే యూఈఎఫ్ఐ అని ముందున్నదాన్ని ఎంచుకోండి.

రెండోది ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు పేరు. క్రిప్ట్‌సెటప్‌తో తెరిచేటప్పుడు నచ్చిన పేరు పెడితే చ్‌రూట్ బాగానే పనిచేస్తుంది, కానీ డెబియన్, ఉబుంటులలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారయ్యేటప్పుడు ఆ పేరు క్రిప్ట్‌ట్యాబ్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల జాబితా ఫైలులో) ఉన్నదానితో కలవాలి. కలవకపోతే కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కు డిస్కు తెరవడం రాదు, బూట్ మళ్లీ మధ్యలోనే ఆగుతుంది. తెలియకపోతే ఒకసారి ఏదో ఒక పేరుతో తెరిచి, క్రిప్ట్‌ట్యాబ్ చదివి, మూసి, అసలు పేరుతో తెరవండి. డెబియన్‌లో అది తరచుగా పార్టిషన్ పేరు వెనుక క్రిప్ట్ అని ఉంటుంది. ఎల్‌వీఎం ఉంటే ఆ తర్వాత వీజీచేంజ్‌తో వాల్యూమ్‌లను మేల్కొలపాలి.

మూడోది కెర్నల్ వెర్షన్. ఫెడోరా, రెడ్‌హ్యాట్‌లలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారు చేసే డ్రాకట్‌కు వెర్షన్ చెప్పకపోతే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కోసం తయారు చేయబోతుంది, నడుస్తున్నదేమో రెస్క్యూ కెర్నల్. /లిబ్/మాడ్యూల్స్ కింద ఉన్న పేరు చూసి అదే ఇవ్వండి, లేదా రీజెనరేట్-ఆల్ ఆప్షన్ వాడండి. డెబియన్‌లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కు -కే ఆల్ అని చెబితే ఉన్న కెర్నళ్లన్నిటికీ తయారవుతుంది.

పని అయ్యాక ఎగ్జిట్ చెప్పి యూమౌంట్ -ఆర్ (పెద్ద అక్షరం R) ఇవ్వండి. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటే మీ మరో టెర్మినల్ ఇంకా /ఎంఎన్‌టీలోనే కూర్చుని ఉండవచ్చు, లేదా ప్యాకేజీ అప్‌డేట్ సమయంలో లోపల ఏదైనా సర్వీసు లేచి ఉండవచ్చు. ఫ్యూజర్ కమాండ్ అది ఏ ప్రాసెసో చూపిస్తుంది. ఫైళ్లకు భద్రతా లేబుళ్లు వేసే ఎస్‌ఈలినక్స్ ఉన్న వ్యవస్థలో పాస్‌వర్డ్‌గానీ, ఈటీసీలోని ఇతర ఫైళ్లుగానీ మార్చి ఉంటే, బయటికి వచ్చే ముందే రూట్ డైరెక్టరీలో .ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు పెట్టండి. అది లేకపోతే కొత్త పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కాలేకపోవచ్చు. ఆ మొదటి బూట్‌లో ఫైళ్లన్నిటికీ లేబుళ్లు మళ్లీ వేస్తుంది కాబట్టి పెద్ద డిస్కు మీద చాలాసేపు పడుతుంది. మధ్యలో పవర్ బటన్ నొక్కకుండా వదిలేయండి.